మార్లవాయి బడి: మన పంతుళ్లు తయారైన చోటు

మేం ఉపాధ్యాయ శిక్షణలో ఉన్నప్పుడు విద్యా చరిత్ర చదువుకున్నాం. 1835 మెకాలే, 1854 వుడ్స్ డిస్పాచ్, 1882 హంటర్ కమిషన్, 1937 వార్ధా పథకం అన్నీ వరుసగా బట్టీ పట్టి, పరీక్షలో రాసి, పాసయ్యాం. మేం చదివిన పుస్తకాల్లో ఇంగ్లాండు బడుల సంగతి కూడా ఉంది. మన అడవిలోనే ఉన్న మార్లవాయి గురించి మాత్రం ఒక్క వాక్యం కనిపించలేదు. గోండు పిల్లలకు గోండీలోనే అక్షరాలు నేర్పాలని, ఆ పని చేసే పంతుళ్లు గోండులే కావాలని 1943లో అక్కడ ఒక శిక్షణ కేంద్రం మొదలైంది. ఈ సంగతి మాకు ఉద్యోగంలో చేరాక పెద్దల నోట తెలిసింది. తర్వాత దొరికిన పుస్తకాలు చదివి సరిచూసుకున్నాం.

మార్లవాయి ఇప్పుడు కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంలో ఉంది. ఏటా జనవరి 11న అక్కడ హైమన్‌డార్ఫ్ దంపతుల వర్ధంతి జరుపుతారు. నాయకులు, అధికారులు వస్తారు, సమాధుల మీద పూలు పెడతారు, ఉపన్యాసాలు ఇస్తారు. హైమన్‌డార్ఫ్ గొప్పవాడని అందరూ అంటారు. మేమూ కాదనం. కానీ అక్కడ నడిచిన బడి ఎట్లాంటిది, అందులో ఏం నేర్పారు, దాని గుణం ఏమిటి, అది ఎట్లా పోయింది అన్న సంగతులు మాత్రం ఆ ఉపన్యాసాల్లో తక్కువగా వస్తాయి. ఈ వ్యాసంలో మేం చెప్పదలచుకున్నది అదే.

జోడేఘాట్ తర్వాత

మార్లవాయి కథ మార్లవాయిలో మొదలు కాదు, జోడేఘాట్‌లో మొదలవుతుంది. నిజాం కాలంలో అడవిని సర్కారు రిజర్వు చేసుకుంటూ పోయింది. పోడు కొట్టుకున్న భూమికి పట్టా లేదు. పశువులు మేపితే పన్ను, కట్టె కొడితే జరిమానా. బయటి నుంచి వచ్చినవాళ్లు పట్టాలు చేయించుకుని, తాతల నుంచి దున్నిన మనవాళ్లను లేపేశారు. బాబేఝరి, జోడేఘాట్ చుట్టుపక్కల పన్నెండు గూడేల భూమి కోసం కుమ్రం భీం నిలబడ్డాడు. 1940లో పోలీసుల తుపాకులకు బలయ్యాడు.

భీం బయటి ఊళ్లు తిరిగి చదవడం, రాయడం నేర్చుకుని వచ్చాడని మన పెద్దలు చెబుతారు. ఆ మాట ఊరికే చెప్పుకోవడం లేదు. ఆ రోజుల్లో మనల్ని ఓడించిన వాటిలో తుపాకీ ఒకటైతే కాగితం రెండోది. రసీదు, నోటీసు, పట్టా, అప్పు పత్రం అన్నీ కాగితాలే. వాటి మీద ఉన్నది ఉర్దూ, మరాఠీ లేదా తెలుగు. మనవాడు వేలిముద్ర వేసేవాడు. వేసిన కాగితంలో ఏం రాశారో ఎదుటివాడు చెప్పిందే నమ్మాలి.

భీం చనిపోయాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వానికి అనిపించింది. క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ అప్పటికే హైదరాబాద్ రాజ్యంలో ఉన్నాడు. 1909లో వియన్నాలో పుట్టిన మానవ శాస్త్రవేత్త. ఆస్ట్రియాను జర్మనీ కలుపుకోవడంతో ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. రెండో ప్రపంచ యుద్ధం రావడంతో బ్రిటిషువాళ్ల లెక్కలో శత్రుదేశపు మనిషి అయ్యాడు. అందువల్ల హైదరాబాద్ రాజ్యంలోనే ఉండాల్సి వచ్చింది. ముందు చెంచుల మధ్య, తర్వాత గోదావరి పక్క కొండరెడ్ల మధ్య పనిచేసి, ఆ తర్వాత ఆదిలాబాద్ వచ్చాడు. మార్లవాయిలో ఇల్లు వేసుకుని భార్య బెట్టితో కలిసి ఉన్నాడు. గోండీ నేర్చుకున్నాడు. మనవాళ్లు వాళ్ల కొడుకును లచ్చు పటేల్ అని పిలుచుకున్నారు.

ఆయన చూసి రాసిన నివేదికల్లో రెండు సంగతులు ముఖ్యం. ఒకటి భూమికి పట్టా కావాలి. రెండు, ఆ పట్టాను చదువుకుని కాపాడుకునే మనిషి గూడెంలోనే ఉండాలి. అప్పుడు నిజాం ప్రభుత్వంలో రెవెన్యూ వ్యవహారాలు చూస్తున్న గ్రిగ్‌సన్ ఈ ఆలోచనను బలపరిచాడు. ఆయన అంతకుముందు బస్తర్‌లో పనిచేసి, అక్కడి మాడియా గోండుల మీద 1938లో పుస్తకం రాసినవాడు. అట్లా 1943లో గోండు విద్యా పథకం మొదలైంది. దాని మొదటి అడుగే మార్లవాయి శిక్షణ కేంద్రం.

అందుకే మార్లవాయి బడిని ఒక తెల్లదొర దయతో ఇచ్చిన దానంగా చూడొద్దని మేం అంటాం. జోడేఘాట్‌లో రక్తం పారకపోతే ఆ నివేదికలు రాసేవాళ్లూ, వాటిని చదివేవాళ్లూ ఉండేవాళ్లు కాదు.

ముందు పంతుళ్లు, తర్వాత బడులు

ఏ సర్కారైనా సాధారణంగా ముందు బడి కడుతుంది, తర్వాత పంతులును పంపుతుంది. మార్లవాయిలో దీన్ని తిరగేశారు. ముందు పంతుళ్లను తయారు చేశారు. వాళ్లు తయారయ్యాక వాళ్ల గూడేలకు దగ్గర్లో బడులు పెట్టారు.

మొదట్లో చదువు వచ్చిన గోండు యువకులు దొరకడమే కష్టమైంది. ఎక్కడో కొంచెం మరాఠీ అక్షరాలు నేర్చుకున్న కొద్దిమందిని వెతికి తెచ్చారు. వాళ్లతోనే మొదలు. వాళ్లు నేర్చుకుంటూ, తమ తర్వాత వచ్చినవాళ్లకు నేర్పారు. అందరూ గూడెం పిల్లలే కాబట్టి పొలం పని తెలుసు, పెర్సాపేన్ పూజ తెలుసు, దండారి ఆట తెలుసు. పంతులు అయినంత మాత్రాన పరాయివాళ్లు కాలేదు. దీపావళికి దండారి కడితే పంతులూ గుంపులో ఉండేవాడు.

రెండో సంగతి భాష. మొదటి అక్షరాలు గోండీలోనే నేర్పారు. దానికి వాచకాలు, చార్టులు గోండీలో తయారు చేశారు. లిపి దేవనాగరి. మన పక్క అప్పట్లో మరాఠీ వాడకం ఎక్కువ కాబట్టి ఆ అక్షరాలు ఎంచుకున్నారు. గోండీలో చదవడం, రాయడం వచ్చాక మిగతా భాషలు నేర్పారు. ఉర్దూ రాజభాష కాబట్టి అదీ నేర్వాల్సిందే. అయితే వరుస మాత్రం స్పష్టం: ముందు ఇంటి భాష, తర్వాత కచేరి భాష.

మూడో సంగతి, చదువు దేనికి అన్న ప్రశ్నకు అక్కడ జవాబు ఉంది. మార్లవాయిలో చదివినవాళ్లలో ఎక్కువమంది పంతుళ్లయ్యారు. కొందరు పట్వారీ పనికి, ఇతర చిన్న సర్కారు కొలువులకు పోయారు. అదే కాలంలో ఆదిలాబాద్‌లో ఆదివాసులకు భూమి పట్టాలు ఇచ్చే పని జరుగుతోంది. 1949 నాటికి 11 వేలకు పైగా పట్టాదారులకు సుమారు 1,60,000 ఎకరాలు అందింది. ఒక చేత్తో పట్టా, ఇంకో చేత్తో ఆ పట్టా చదివే చదువు. ఈ రెండూ ఒకే కాలంలో, ఒకే చోట కలిసి వచ్చాయి. మన చరిత్రలో అట్లా కలిసి వచ్చిన సందర్భాలు చాలా తక్కువ.

ఇంకో మాట. 1944, 1945లో హైమన్‌డార్ఫ్ ఈశాన్య సరిహద్దు కొండల్లో పనికి వెళ్లాడు. పథకం ఆగలేదు. గోండు పంతుళ్లు నడిపారు. వాళ్ల పేర్లతో వర్ధంతులు జరగవు, విగ్రహాలు లేవు. ఆ బడి ఒక్క మనిషి మీద నిలబడలేదని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

గ్రామర్ స్కూలు, గోండీ గ్రామరు

ఇంగ్లాండు బడుల సంగతి మేం చదివామని మొదట్లో అన్నాం కదా. వాటిలో గ్రామర్ స్కూళ్లనేవి పేరున్నవి. ఆ గ్రామరు ఇంగ్లీషుది అనుకున్నాం. కాదు, లాటిన్ వ్యాకరణం. ఆ పిల్లల ఇళ్లలో ఎవరూ లాటిన్ మాట్లాడరు. చర్చి, కోర్టు, పెద్ద చదువు అన్నీ లాటిన్‌లో ఉన్న రోజుల్లో పుట్టిన బడులు కాబట్టి ఆ పేరు వచ్చింది. 1515లో హ్యూ ఓల్డమ్ అనే బిషప్ పెట్టిన మాంచెస్టర్ గ్రామర్ స్కూలు తరతరాలుగా మగపిల్లల బడిగానే నడిచింది. 1944లో ఇంగ్లాండులో కొత్త విద్యా చట్టం వచ్చింది. ఆ తర్వాత పదకొండేళ్ల వయసులో పరీక్ష పెట్టి, గెలిచినవాళ్లను గ్రామర్ స్కూలుకు, మిగిలినవాళ్లను వేరే బడులకు పంపే పద్ధతి దేశమంతటా పాకింది.

సరిగ్గా అదే కాలంలో మార్లవాయిలో దీనికి ఎదురు పని జరుగుతోంది. అక్కడ పిల్లల్ని ఏరి పక్కన పెట్టే పరీక్ష పనిలేదు. వచ్చినవాడికల్లా నేర్పడమే కావాలి. అక్కడ ఇంట్లో లేని భాష వ్యాకరణం నేర్పితే, ఇక్కడ ఇంట్లో ఉన్న భాషకు వ్యాకరణం రాయడం మొదలైంది. ఆదిలాబాద్‌లో గిరిజన వ్యవహారాలు చూసిన అధికారి సేతుమాధవరావు పగ్డి మన భాషలు నేర్చుకున్నాడు. 1950లో కొలామీ వ్యాకరణం, 1954లో గోండీ వ్యాకరణం పుస్తకాలుగా తెచ్చాడు. గోండీకి వ్యాకరణం ఏముంది, అదొక బోలీ కదా అనే మాట మేం ఈనాటికీ స్టాఫ్ రూముల్లో వింటుంటాం. ఆ మాట అన్నవాళ్లకు ఈ రెండు పుస్తకాల పేర్లు చెబుతుంటాం.

అయితే ఒక లోపం మనం దాచుకోవద్దు. మార్లవాయి శిక్షణకు పోయినవాళ్లు యువకులు. అది మగపిల్లల చదువే. గూడెంలో కథలు చెప్పేది, పాటలు కట్టేది, పిల్లలకు మాటలు నేర్పేది మన అవ్వలు, అక్కలే అయినా, పలక వాళ్ల చేతికి చాలా ఆలస్యంగా వచ్చింది. మన ఆడపిల్లలు ఇప్పుడు ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో చదివి టీచర్లు అవుతున్నారు. మార్లవాయి వదిలేసిన సగం పని వాళ్లే చేస్తున్నారు.

ఎట్లా పోయింది

1948లో నిజాం రాజ్యం భారతదేశంలో కలిసింది. 1949లో హైమన్‌డార్ఫ్ హైదరాబాద్ వదిలి తర్వాత లండన్‌లో ప్రొఫెసర్ అయ్యాడు. ఉర్దూ పోయింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక తెలుగు వచ్చింది. రాజభాష మారిన ప్రతిసారీ మన పిల్లవాడు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఈ మార్పుల్లో గోండీ వాచకాలు పక్కకు పోయాయి. బడులు మిగిలాయి. ఆశ్రమ పాఠశాలలు పెరిగాయి, భవనాలు పెరిగాయి, దుప్పట్లు, ప్లేట్లు వచ్చాయి. పంతులు మాత్రం బయటి నుంచి రావడం మొదలైంది.

1970ల చివర్లో హైమన్‌డార్ఫ్ మళ్లీ వచ్చి చూశాడు. 1982లో అచ్చయిన పుస్తకంలో తాను చూసినదంతా రాశాడు. ఇచ్చిన పట్టా భూములు పెద్దఎత్తున బయటివాళ్ల చేతుల్లోకి పోయాయి. 1959 భూబదలాయింపు నిబంధన, దాన్ని గట్టి చేసిన 1970 సవరణ రెండూ ఉన్నా భూమి పోతూనే ఉంది. బడుల్లో మన భాష లేదు. ఆ కోపమే 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లికి మనవాళ్లను నడిపించింది. అక్కడ పేలిన తూటాల సంగతి ఈ పుస్తకం చదివేవాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు.

మేం ఆ తర్వాతి కాలంలో బడికి పోయిన పిల్లలం. ఒకటో తరగతిలో సార్ ఏమంటున్నాడో తెలియక నెలల తరబడి నోరు మూసుకుని కూర్చున్నాం. సార్ మంచివాడే. మా భాష ఆయనకు రాదు, ఆయన భాష మాకు రాదు. నీళ్లను గోండీలో ఏర్ అంటాం. దప్పికై ఏర్, ఏర్ అంటే, ఏటికి పోతామంటున్నామని సార్ కసిరేవాడు. లెక్క పెట్టమంటే ఉంది, రండ్, మూంద్ అని మొదలుపెట్టేవాళ్లం. ఏం ఉంది అని అడిగేవాడు. మాలో కొందరు ఆ ఏడే ఇంటికి పారిపోయారు, మళ్లీ రాలేదు. వాళ్లకు చదువు రాదని రిజిస్టర్‌లో రాసుకున్నారు. రానిది చదువు కాదు, తెలుగు.

ఇప్పుడు మన ముందున్నది

రాజ్యాంగం 350ఎ అధికరణం మైనారిటీ భాషల పిల్లలకు ప్రాథమిక చదువు మాతృభాషలో ఇవ్వడానికి ఏర్పాట్లు చేయాలని చెబుతోంది. 2009 విద్యాహక్కు చట్టం కూడా వీలైనంత వరకు బోధన పిల్లల మాతృభాషలో ఉండాలని చెబుతోంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000 తర్వాత ఎనిమిది గిరిజన భాషల్లో, తెలుగు లిపిలో వాచకాలు తయారు చేసి కొన్ని బడుల్లో పెట్టారు. మంచి పని. మాకు తెలిసిన బడుల్లో కొన్నేళ్లు నడిచి, తర్వాత ఆ పుస్తకాలు బీరువాల్లోకి పోయాయి. 2011 జనాభా లెక్కల్లో గోండీ తమ మాతృభాష అని చెప్పినవాళ్లు సుమారు 30 లక్షలు. 2003లో సంతాలీ, బోడో భాషలు ఎనిమిదో షెడ్యూల్‌లో చేరాయి. గోండీ ఇంకా బయటే ఉంది.

పంతుళ్ల సంగతీ అంతే. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలని 2000 జనవరి 10న జీవో 3 వచ్చింది. బయటి టీచర్లు ఏజెన్సీ బడులకు సరిగా రావడం లేదన్నదే అప్పుడు సర్కారు చెప్పిన ముఖ్య కారణం. మాలాంటివాళ్లం ఎంతోమందిమి ఆ జీవో వల్లే టీచర్లమయ్యాం. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. నూటికి నూరు రిజర్వేషన్ ఇతరుల అవకాశాన్ని పూర్తిగా మూసేస్తుందని, రాజ్యాంగం దానికి ఒప్పుకోదని చెప్పింది. అప్పటికే జరిగిన నియామకాలను షరతుతో వదిలింది. మా ఉద్యోగాలు నిలిచాయి. మా తర్వాత డి.ఎడ్. చదివి కూర్చున్న మన పిల్లల సంగతే ప్రశ్న.

కోర్టు ముందుకు పోయిన వాదన ఎక్కువగా ఉద్యోగాల లెక్కగా నడిచింది. ఎంత శాతం, ఎవరికి, ఎంత నష్టం అని. మార్లవాయి చెప్పేది వేరు. అక్కడ గోండు పంతులును పెట్టింది అతనికి కొలువు ఇవ్వడానికి మాత్రమే కాదు, పిల్లవాడికి మాట అర్థం కావడానికి. ఆ పిల్లవాడి వైపు నుంచి మనం మాట్లాడితే అడిగే తీరు మారుతుంది. ఒకటి, రెండు తరగతులు చెప్పే టీచర్‌కు ఆ గూడెం భాష వచ్చి తీరాలని అడగవచ్చు. అది ఏ కులానికీ తలుపు మూయదు. భాష నేర్చుకున్నవాడు ఎవరైనా రావచ్చు. సేతుమాధవరావు పగ్డి నేర్చుకున్నాడు కదా. కానీ ఆ భాష పుట్టుకతో వచ్చినవాళ్లు మన పిల్లలే కాబట్టి వాళ్లకు న్యాయం జరుగుతుంది.

ఈ మాట అడిగే ముందు మనల్ని మనం చూసుకోవాలి. మాలో కొందరం బడిలో గోండీ మాట్లాడటానికి సిగ్గుపడతాం. తనిఖీకి అధికారి వస్తే పిల్లల్ని తెలుగులోనే జవాబు చెప్పమంటాం. మా పిల్లల్ని పట్నంలో ఇంగ్లీషు మీడియంలో వేస్తాం. ఇంకొకటి కూడా ఉంది. మా తరగతుల్లో కొలాం పిల్లలు ఉంటారు. వాళ్లు నీళ్లను ఈర్ అంటారు. మేం గోండీలో చెప్పి, మాతృభాషలో చెప్పామని తృప్తిపడితే, ఆ పిల్లల దగ్గర మేమూ పాత సార్‌లమే అవుతాం. వాళ్ల గూడెంలో చదువుకున్న ఒక కొలాం పిల్లనో, పిల్లవాడినో పిలిచి పక్కన కూర్చోబెట్టుకోవాలి.

సర్కారు జీవో వచ్చేదాకా ఆగనక్కర్లేని పనులు కొన్ని ఉన్నాయి. ఒకటో తరగతి తెలుగు వాచకంలో ఉన్న ప్రతి మాటకు మన భాషలో మాట రాసి గోడకు అంటించవచ్చు. ప్రధాన్ అన్న కింగ్రీ పట్టుకుని వస్తే ఒక పూట బడిలో కథ చెప్పించవచ్చు. మన బడి కంటే పాత బడి ఆయనది. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన గోండీ లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు వచ్చింది. ఆ అక్షరాలతో పిల్లల చేత వాళ్ల పేర్లయినా రాయించవచ్చు. మేం మా బడిలో ఈ పనులు మొదలుపెట్టాం. పెద్ద మార్పు వచ్చిందని చెప్పం. ఒకటో తరగతి పిల్లలు మొదటి వారంలోనే నోరు తెరుస్తున్నారు. అంతమాత్రం చెప్పగలం.

మార్లవాయిలో బెట్టి సమాధి ఉంది. 1987లో హైదరాబాద్‌లో చనిపోతే అక్కడికి తెచ్చి మన పద్ధతిలో సాగనంపారు. 1995లో లండన్‌లో చనిపోయిన హైమన్‌డార్ఫ్ అస్థికలు కూడా తర్వాత ఆమె పక్కకే చేరాయి. ఈసారి జనవరి 11న పోయేవాళ్లు పూలతోపాటు తమ గూడెం బడి రిజిస్టర్ నుంచి ఒక్క లెక్క రాసుకుని రండి: ఒకటో తరగతిలో ఎంతమంది పిల్లలు, వాళ్లు ఇంట్లో మాట్లాడే భాష ఏది, ఆ భాష వచ్చిన టీచర్ ఉన్నాడా లేడా. ఊరూరి లెక్కలు ఒక్కచోట చేరిస్తే, పై అధికారి ముందు పెట్టడానికి మన చేతిలోనూ ఒక కాగితం ఉంటుంది. దాన్ని ఈసారి మనమే రాస్తాం, మనమే చదువుతాం.